ఇంజిన్ సంగతి సరే, రెక్క ఎలా ఉంది?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. రాణిగంజ్‌లో ఇరవై ఏళ్లుగా ఆటో స్పేర్ పార్ట్స్ షాపు నడుపుతున్నాను, ఇల్లు నిజాంపేటలో. చిన్నప్పటి నుంచి ఎగరాలని పిచ్చి. తమిళనాడులో ఒకాయన దగ్గర రెండు సీట్ల మైక్రోలైట్ ట్రైక్ (గుడ్డ రెక్క కింద మూడు చక్రాల బండి వేలాడే తేలికపాటి విమానం) అమ్మకానికి ఉంది. రోటాక్స్ 582 ఇంజిన్, 140 గంటలే తిరిగింది, ఆరేళ్లుగా షెడ్డులో ఉంది. 9 లక్షలకు ఇస్తానంటున్నాడు. కాగితాల సంగతి తర్వాత చూసుకోవచ్చట. ఇంజిన్ పని ఏదైనా ఉంటే నేనే చేసుకోగలను. కమర్షియల్ పైలట్ లైసెన్స్ ఉన్న ఫ్రెండ్ రెండు ఆదివారాల్లో నేర్పిస్తానన్నాడు. వికారాబాద్ దగ్గర ఇంకో ఫ్రెండ్‌కి ఐదెకరాల ఫామ్‌హౌస్ ఉంది, అక్కడ పెట్టుకోవచ్చు. ఇంటర్ చదివే మా అబ్బాయిని వెనక కూర్చోబెట్టుకుని తిప్పాలని నా కోరిక. మా ఆవిడకు మాత్రం ఒకటే టెన్షన్. నా బరువు 92 కిలోలు, మావాడు 58. కొనమంటారా?
– నిజాంపేట పాఠకుడు

సమాధానం: ఇప్పుడే కొనకండి. అడ్వాన్స్ కూడా పంపకండి. ఈ రెండు మాటలు ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈలోపే మీరు టోకెన్ డబ్బులు పంపేస్తారేమోనని నాకు భయం. ఒకప్పుడు నేను అదే చేశాను.

మీ ఉత్తరంలో ఇంజిన్ ఏ కంపెనీదో ఉంది, ఎన్ని గంటలు తిరిగిందో ఉంది, రిపేరు వస్తే ఎవరు చేస్తారో ఉంది. రెక్క గురించి ఒక్క ముక్క లేదు. ఇరవై ఏళ్లుగా ఇంజిన్ పార్టుల మధ్య ఉన్న మనిషికి కన్ను ముందు ఇంజిన్ మీదే పడుతుంది, అది సహజం. కానీ ట్రైక్‌లో విమానం అంటే పైనున్న రెక్కే. కింద ఉన్న మూడు చక్రాల బండి, ఇంజిన్, ప్రొపెల్లర్, పెట్రోల్ ట్యాంకు, మీరు, మీ అబ్బాయి, అందరూ కలిసి ఒకే ఒక్క బోల్టు మీద ఆ రెక్కకు వేలాడుతుంటారు. ఇంజిన్ ఆగిపోతే రెక్క మిమ్మల్ని మెల్లగా కిందికి తెస్తుంది. రెక్క చెడితే ఎంత మంచి ఇంజిన్ ఉండీ లాభం లేదు.

నా మొదటి ట్రైక్ కథ చెబుతాను. ఇంజిన్ దాదాపు కొత్తది, రెక్కకు తొడిగే సెయిల్ గుడ్డ తళతళలాడుతోంది, రంగు చూసే ముచ్చటపడ్డాను. మొదటి రోజే ఎడమ వైపు లాగడం మొదలుపెట్టింది. చేత్తో పట్టుకుని నడిపే కంట్రోల్ బార్ వదిలితే చాలు, నెమ్మదిగా ఎడమకు ఒరుగుతుంది. అమ్మినాయన్ని అడిగితే, కొద్దిగా ట్యూన్ చేయిస్తే పోతుందన్నాడు. ఆ ట్యూనింగ్ పేరుతో రెండు నెలలు పోయాయి. చివరికి అనుభవమున్న ఒక పెద్దాయన సెయిల్ మొత్తం విప్పించి, లోపలి లీడింగ్ ఎడ్జ్ గొట్టాన్ని, అంటే రెక్క ముందంచు గొట్టాన్ని, చదునైన గచ్చు మీద పెట్టి దొర్లించాడు. తిన్నగా ఉన్న గొట్టం గచ్చు మీద సాఫీగా దొర్లిపోతుంది. నాది ప్రతి చుట్టుకూ ఒకసారి ఎగిరి పడుతోంది. నేల మీద ఎప్పుడో బోల్తాపడ్డ రెక్క అది. వంగిన గొట్టాన్ని అలాగే ఉంచి, పైన కొత్త గుడ్డ తొడిగి అమ్మారు. ఆ గొట్టం తెప్పించుకునేసరికి ఎనిమిది నెలలు పట్టింది, ఒక చలికాలం మొత్తం పోయింది. నాలుగు గింగిరాలు తిరిగాక గాల్లో తెలియాల్సిన సంగతి గచ్చు మీద తెలిసింది, అంతవరకు అదృష్టవంతుణ్ని.

ఈ రెక్క పుట్టుక తెలిస్తే దాన్ని చూసే పద్ధతి కూడా తెలుస్తుంది. అమెరికాలో ఫ్రాన్సిస్ రొగాలో అనే ఇంజినీరు, ఆయన భార్య గెర్ట్రూడ్ కలిసి 1948లో బద్దలు లేకుండా గాలికే ఆకారం తెచ్చుకునే ఒక గాలిపటం తయారుచేశారు. దానికి గుడ్డ వాళ్ల వంటింటి కర్టెన్లదే. తర్వాత 1960ల్లో నాసా దాన్ని వ్యోమనౌకలను దింపడానికి పరీక్షించింది. హ్యాంగ్ గ్లైడర్లూ, మన ట్రైక్ రెక్కలూ ఆ గాలిపటం సంతానమే. అంటే మీరు కొనేది రెండు సీట్లు తగిలించిన ఒక పెద్ద పతంగిని. సంక్రాంతికి పతంగి కొనే పిల్లవాడు ఏం చూస్తాడో ఆలోచించండి. బద్ద తిన్నగా ఉందా, రెండు వైపులా సమంగా ఉందా, కాగితం ఎక్కడైనా చిరిగిందా. మీరూ అవే చూడాలి, కాకపోతే ఒక పూట కేటాయించి చూడాలి.

ఎలాగంటే, అమ్మకందారు ఇంటికి వెళ్లేటప్పుడు తెల్లటి పాత నూలు గుడ్డ ఒకటి తీసుకెళ్లండి. రెక్కను మీ ఎదురుగానే మొదటి నుంచి బిగించమనండి. బిగించి ఉంచిన రెక్కను చూపిస్తే ఒప్పుకోవద్దు. మూటలోంచి తీసి, పరిచి, బ్యాటెన్లు ఒక్కొక్కటే దూర్చి నిలబెట్టడానికి ముప్పావు గంట పడుతుంది, ఆ ముప్పావు గంటలోనే సగం సంగతులు బయటపడతాయి. బ్యాటెన్లంటే సెయిల్‌లో దూర్చే సన్నటి అల్యూమినియం బద్దలు, రెక్కకు వంపు తెచ్చేవి అవే. ప్రతి రెక్కకూ తయారీదారు ఇచ్చిన బ్యాటెన్ నమూనా కాగితం ఒకటి ఉంటుంది. ఒక్కో బద్దనూ ఆ గీత మీద పెట్టి చూడాలి. కుడి బద్ద, ఎడమ బద్ద ఒకదాని మీద ఒకటి పెడితే అతికినట్టు కలవాలి. ఆ కాగితం లేదన్నాడంటే, చాలాకాలంగా ఎవరూ సరిచూడలేదని అర్థం.

ఇక ఆ నూలు గుడ్డ. రెక్కను నిలబెట్టే స్టీలు తీగలుంటాయి, పక్కల నుంచి కంట్రోల్ బార్ మూలలకు వచ్చేవి ముఖ్యం. గుడ్డను తీగ చుట్టూ వదులుగా పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు లాగండి. తీగలో ఒక్క పోగు తెగి ఉన్నా గుడ్డకు తగులుకుంటుంది. వట్టి వేళ్లతో చేయకండి, సూదిలా గుచ్చుకుంటుంది. తీగ చివర బిగించిన తొడుగు దగ్గర తుప్పు మరక ఉందేమో, తీగ ఎక్కడైనా మడత పడిందేమో చూడండి. ఒకసారి మడత పడ్డ తీగను సరిచేయడమనేది లేదు, మార్చాల్సిందే.

తర్వాత సెయిల్. ఈ గుడ్డకు శత్రువు ఎండ. చూపుకు బాగానే ఉంటుంది, కానీ ఎండలో ఏళ్ల తరబడి నానిన పాలిస్టర్ లోలోపల పెళుసవుతుంది. దాన్ని పరీక్షించడానికి బెట్సోమీటర్ అని చిన్న స్ప్రింగు సూది పరికరం ఉంది, గుడ్డలో, కుట్టులో గుచ్చి నిర్ణీత బలంతో లాగి చూస్తారు. పై భాగాన్ని పరీక్షించాలి, ఎండ పడేది అక్కడే. మీరు చూస్తున్న ట్రైక్ ఆరేళ్లు షెడ్డులోనే ఉందంటే ఎండ సంగతి కొంత నయం. షెడ్డులో ఎలుకలుంటాయి కదా! మడత పెట్టిన సెయిల్‌లో ఎలుకలు గూడు కట్టుకోవడం నేను కళ్లారా చూశాను. మూత్రం పడ్డచోట అల్యూమినియం గొట్టం తెల్లటి పొడిగా రాలింది. ఆ పొడి కనబడితే, ఎంత అగ్గువకు ఇస్తానన్నా తిరిగి వచ్చేయండి.

చివరగా, బండిని రెక్కకు వేలాడదీసే ఆ హ్యాంగ్ బోల్టు. ఎన్ని గంటలకోసారి మార్చాలో మాన్యువల్లో రాసి ఉంటుంది. ఎప్పుడు మార్చారో లాగ్ బుక్కులో రాసి ఉండాలి. ఆ బోల్టుకు తోడుగా ఒక సేఫ్టీ తీగో పట్టీయో ఉంటుంది, అదీ చూడండి. నైలాన్ ఉన్న లాక్ నట్టును ఒకసారి విప్పాక మళ్లీ వాడకూడదు. ఇది మీకు నేను చెప్పక్కర్లేదు, మీ షాపులోనే అమ్ముతారు.

ఇవన్నీ బాగున్నాయే అనుకుందాం. అప్పుడు కూడా ఆ రెక్క మీకు సరిపడేదేనా అన్న ప్రశ్న ఉంది. ట్రైక్ రెక్కల్లో నిదానమైనవి, జోరైనవి అని రెండు జాతులున్నాయని అనుకోండి. మొదటి రకం పెద్దగా ఉంటుంది, పైన కింగ్‌పోస్ట్ అనే నిలువు గుంజ ఉంటుంది, నెమ్మదిగా దిగుతుంది, తప్పులు క్షమిస్తుంది. పెగాసస్ క్వాంటమ్ 15 అలాంటిది, ఆ 15 అనేది రెక్క వైశాల్యం, చదరపు మీటర్లలో. ఎయిర్‌బోర్న్ వాళ్ల విజార్డ్, మన బెంగళూరు రాజ్‌హంస వాళ్లు ఒకప్పుడు చేసిన ట్రైక్‌లు కూడా నిదానం వైపు చూడదగ్గవే. రెండో రకం చిన్నగా, బిగువుగా ఉంటుంది, క్విక్ లాంటివి. దూరాలు వెళ్లడానికి బ్రహ్మాండంగా ఉంటాయి. కానీ నిదానం రకం గంటకు సుమారు 80 కిలోమీటర్లతో దిగడానికి వస్తే, జోరు రకం సుమారు 105తో వస్తుంది. పాతిక కిలోమీటర్ల తేడాయే కదా అనిపిస్తుంది. కానీ వేగాన్ని వేగంతో గుణించి లెక్క వేస్తే, నేలను తాకేటప్పుడు అణచాల్సిన శక్తి 1.7 రెట్లు అవుతుంది. నేర్చుకునేవాడికి మొదటి రకమే. మీ అమ్మకందారు రెక్క మోడల్ చెప్పలేదంటున్నారా, లేక మీరే అడగలేదా? అడగండి.

ఇక మీకు ఇష్టమైన ఇంజిన్ దగ్గరకు వద్దాం. రోటాక్స్ 582 మంచి ఇంజిన్. రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, నీళ్లతో చల్లబడేది, సుమారు 65 హార్స్‌పవర్. దానికి ఓవర్‌హాల్ గడువు 300 గంటలు లేదా 5 ఏళ్లు, ఏది ముందొస్తే అది. 140 గంటలే తిరిగిందని మీరు సంతోషిస్తున్నారు, కానీ ఆరేళ్లు షెడ్డులో ఉందంటే క్యాలెండర్ లెక్కన గడువు ఎప్పుడో దాటిపోయింది. పైగా ఆగి ఉన్న టూ స్ట్రోక్ తిరిగే టూ స్ట్రోక్ కంటే త్వరగా పాడవుతుంది. క్రాంక్ బేరింగుల మీద ఆయిల్ పొర ఆరిపోయి తుప్పు పడుతుంది, సీళ్లు గట్టిపడతాయి, ఫ్యూయల్ పంపు పొర ఎండి పగులుతుంది. బయట నుంచి తిప్పితే మాత్రం కంప్రెషన్ బ్రహ్మాండంగా ఉంటుంది, లోపలి సంగతి తెలియదు. కాబట్టి ఆ 9 లక్షల్లో ఇంజిన్‌కు విలువ కట్టకండి. దాని ఓవర్‌హాల్ ఖర్చు ఇంకా మీ నెత్తి మీదే ఉందనుకుని బేరం ఆడండి.

నేనే చేసుకోగలను అన్నారు. మీ చేతి మీద నాకు నమ్మకం ఉంది. కానీ బేరింగు నంబరు ఒకటేనని బజార్లో దొరికినది వేయడం, లేత్ మీద బోర్ చేయించి పిస్టన్ సరిపెట్టడం ఇక్కడ పనికిరావు. స్కూటర్ ఆగితే పక్కకు తోసుకుంటాం. ఈ ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోవచ్చని తయారీదారే మాన్యువల్లో హెచ్చరిక రాశాడు, అదీ అసలు పార్టులు వేసి, చెప్పిన ప్రకారం చూసుకున్నప్పటి మాట. డబ్బు సమకూరితే ఫోర్ స్ట్రోక్ రోటాక్స్ 912 ఉన్న ట్రైక్ చూడండి, 80 లేదా 100 హార్స్‌పవర్‌లో వస్తుంది. ఖరీదెక్కువ, కానీ రెండువేల గంటల దాకా ఓవర్‌హాల్ గడువున్నవి ఉన్నాయి.

పెట్రోల్ గురించి కూడా ఒక సంగతి. ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. 912 వరస ఇంజిన్లకు రోటాక్స్ ఒప్పుకునేది 10 శాతం దాకానే. టూ స్ట్రోక్‌కైతే ఇథనాల్ నీటిని పీల్చుకోవడం ఇంకో తలనొప్పి. విమానాల ఏవీగ్యాస్ 100 ఎల్ఎల్‌ని ఇండియన్ ఆయిల్ 2022 నుంచి వడోదర రిఫైనరీలో తయారుచేస్తోంది. అది వాడొచ్చు, కాకపోతే అందులోని సీసం ప్లగ్గుల మీద పేరుకుంటుంది, 912లో ఆయిల్ త్వరగా మార్చాలి. ఏ పెట్రోలైనా ట్యాంకులో పోసేముందు ఒక పరీక్ష ఉంది. 100 మిల్లీలీటర్ల గీతలున్న గాజు గొట్టంలో 10 దాకా నీళ్లు, మిగతా 90 పెట్రోల్ పోసి, మూసి బాగా కుదిపి, కాసేపు నిలబెట్టండి. ఇథనాల్ లేకపోతే నీటి గీత 10 దగ్గరే ఉంటుంది. 20 శాతం ఉంటే అది పాతిక దాటి పైకి వస్తుంది. ఇంట్లో మీ అబ్బాయి చేత చేయించండి, వాడికి సరదాగా ఉంటుంది. దీపం, పొయ్యి దగ్గర మాత్రం వద్దు.

మీ కమర్షియల్ పైలట్ ఫ్రెండ్ మాట నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది. ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ మామూలు విమానం, ట్రైక్ ఒకదానికొకటి తలకిందులు. విమానంలో స్టిక్ తనవైపు లాగితే ముక్కు పైకి లేస్తుంది. ట్రైక్‌లో బార్ తనవైపు లాగితే ముక్కు కిందికి దిగి వేగం పెరుగుతుంది. విమానంలో స్టిక్ కుడికి తోస్తే కుడికి ఒరుగుతుంది, ట్రైక్‌ను కుడికి తిప్పాలంటే బార్‌ను ఎడమకు తోయాలి. నేల మీద కూడా అంతే, కుడి కాలితో తొక్కితే బండి ఎడమకు పోతుంది. వందల గంటలు విమానంలో అలవాటుపడ్డ చెయ్యి, నేల రెండు మీటర్ల దూరంలోకి రాగానే ఆలోచించకుండా తనవైపు లాగుతుంది. అక్కడ ట్రైక్ ముక్కు నేలకు గుచ్చుకుంటుంది. ఎంత ఎక్కువ అనుభవం ఉంటే ఆ అలవాటు అంత గట్టిగా ఉంటుంది. ట్రైక్ మీద శిక్షణ ఇచ్చే అర్హత ఉన్నవాడి దగ్గరే నేర్చుకోండి. ఆయన వెనక సీట్లో కూర్చుంటాడు, ఆయన చేతికందేలా కంట్రోల్ బార్‌కు అదనపు కడ్డీలు బిగిస్తారు. మీరు చూస్తున్న ట్రైక్‌కు ఆ కడ్డీలు ఉన్నాయో లేవో కూడా అడగండి. పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఇచ్చే స్టూడెంట్ పైలట్ లైసెన్స్, మెడికల్ పరీక్ష మీ చేతికి వచ్చాకే ఈ కొనడం గురించి ఆలోచించండి. ఇప్పుడు చేస్తున్నది ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. నా మాట కటువుగా ఉంటే మన్నించండి. ముందు వేరే ఎవరి ట్రైక్‌లోనైనా శిక్షకుడితో పది గంటలు ఎగరండి. ఆ పది గంటల తర్వాత మీకు ఏ రెక్క కావాలో నేను చెప్పనక్కర్లేదు, మీకే తెలుస్తుంది.

వికారాబాద్ ఫామ్‌హౌస్ లెక్క ఒకసారి చూద్దాం. ఐదెకరాలంటే దాదాపు 20,200 చదరపు మీటర్లు. చతురస్రంగా ఉంటే ఒక్కో వైపు 142 మీటర్లు, మూల నుంచి మూలకు పోయినా 200. ఇద్దరు కూర్చున్న ట్రైక్ నేల వదలడానికే వంద, నూట యాభై మీటర్లు తీసుకుంటుంది, ఆ తర్వాత ఎదురుగా ఉన్న చెట్లూ, బోరు మోటారుకు వచ్చే కరెంటు తీగలూ దాటాలి. పైగా మనది దక్కన్ పీఠభూమి. బేగంపేట రన్‌వేయే సముద్రమట్టానికి 531 మీటర్ల ఎత్తున ఉంది, వికారాబాద్ ఇంకా ఎత్తు. 35 డిగ్రీల ఎండలో బేగంపేటలో గాలి, ప్రామాణిక లెక్కల్లో 1,400 మీటర్ల ఎత్తున ఉండే గాలిలా పల్చబడుతుంది. రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్ బలం తగ్గుతుంది, పరుగు పెరుగుతుంది. ఐదెకరాలు చాలవు.

ఆకాశం కూడా మనది కాదు. మీ నిజాంపేట డాబా మీద నుంచి చూస్తే దుండిగల్ వైపు ఎయిర్ ఫోర్స్ ట్రైనర్లు కనిపిస్తూనే ఉంటాయి కదా. అటు హకీంపేట, నడుమ బేగంపేట, దక్షిణాన శంషాబాద్, పడమర బీదర్, అన్నిచోట్లా విమానాలు దిగే రన్‌వేలే. వికారాబాద్ జిల్లా దామగుండంలో జలాంతర్గాములతో మాట్లాడే నేవీ వీఎల్ఎఫ్ రేడియో కేంద్రానికి 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. ఇంత మధ్యలో పొలంలోంచి సరదాగా లేచి తిరిగొస్తానంటే కుదరదు. డీజీసీఏ, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, రక్షణ శాఖ, స్థానిక పోలీసులు, అందరి అనుమతీ ఉన్న చోటు నుంచే ఎగరాలి. పంద్రాగస్టుకో రిపబ్లిక్ డేకో పోలీసులు ఇచ్చే నిషేధ ఉత్తర్వుల్లో డ్రోన్లతో పాటు మైక్రోలైట్ పేరు కూడా ఉంటుంది, గమనించే ఉంటారు. అందుకే ట్రైక్‌కు ముందు దాన్ని ఎక్కడ ఉంచుతారో, ఎక్కడ నుంచి ఎగురుతారో ఖాయం చేసుకోండి. ఇక్కడ చోటు దొరక్క, వేరే ఊళ్లో హ్యాంగర్ అద్దెకు తీసుకుని నెలకు రెండు శనివారాలు అక్కడికే వెళ్లి ఎగరాల్సి రావొచ్చు. దానికి మీ షాపు, మీ ఇల్లు ఒప్పుకుంటాయా అన్నది మీరే తేల్చుకోవాలి.

కాగితాల మాటకు ఎక్కువ చర్చ అక్కర్లేదు. వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు, ఎగరడానికి డీజీసీఏ పర్మిట్, విదేశీ రెక్క అయితే కస్టమ్స్ కాగితాలు, ఇంజిన్‌కూ ఎయిర్‌ఫ్రేమ్‌కూ వేరువేరు లాగ్ బుక్కులు, ఇన్సూరెన్స్. వీటిలో రిజిస్ట్రేషన్ లేకపోతే అది అల్యూమినియం గొట్టాల కట్ట. తర్వాత చూసుకుందాం అన్న మాట విన్నచోటే బేరం ఆపేయండి.

ఇప్పుడు మీ కోరిక. మీ అబ్బాయిని వెనక కూర్చోబెట్టుకోవడం. ట్రైక్ ఖాళీ బరువు ఉదాహరణకు 215 కిలోలనుకుందాం. మీరు 92, బాబు 58, నలభై లీటర్ల పెట్రోల్ 29. మొత్తం 394. హెల్మెట్లు, చలి దుస్తులు, హెడ్‌సెట్లు కలిపితే 400. ఆ రెక్క మీద అతికించిన ప్లేటులో గరిష్ఠ బరువు 390 అని ఉంటే, ఇద్దరూ వెళ్లాలంటే పెట్రోల్ సుమారు 26 లీటర్లకు మించి పోయలేరు. మన దేశంలో మైక్రోలైట్‌కు పరిమితి 450 కిలోలు అని చాలామంది చెబుతారు, అది చట్టం పెట్టిన గీత. మీ రెక్క మోయగలిగింది ఆ ప్లేటు మీద ఉన్నదే. పైగా స్టూడెంట్ లైసెన్స్ మీద ఎవరినీ ఎక్కించుకోకూడదు. అంటే ఆ రోజుకు ఇంకా టైముంది.

ఈలోపు బాబును ఎగరనివ్వడానికి నాకో దారి తెలుసు. కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉందేమో కనుక్కోండి. ఆ కేడెట్లకు మైక్రోలైట్లలో ఎగిరే అవకాశం ఉంటుంది, పిపిస్ట్రెల్ వైరస్ అనే రెండు సీట్ల మైక్రోలైట్లు అందుకోసమే తెప్పించారు. అది స్టిక్ ఉన్న విమానం, ట్రైక్ కాదు. అయినా గాలి ఎలా ఉంటుందో, వాతావరణం ఎలా చదవాలో, చెక్‌లిస్టు ఎందుకు తప్పకూడదో పద్ధతిగా నేర్పుతారు. పదహారు నిండితే స్టూడెంట్ పైలట్ లైసెన్స్‌కు వాడూ అర్హుడే. తండ్రీకొడుకులు కలిసి చదువుకోవచ్చు.

మీ ఆవిడ టెన్షన్‌ను తీసిపారేయకండి. ఆమె అడిగే ప్రశ్నలకు మీ దగ్గర జవాబు లేకపోతే ఆ టెన్షన్ న్యాయమైనదే. మొదటిసారి శిక్షణకు వెళ్లేటప్పుడు ఆమెను కూడా తీసుకెళ్లండి. తెల్లవారుజామున ఐదున్నరకు ట్రైక్ చుట్టూ తిరిగి ఒక్కో నట్టు ముట్టుకుంటూ చూసే శిక్షకుణ్ని చూస్తే, మీరు చెప్పే వంద మాటల కంటే అది ఎక్కువ పనిచేస్తుంది. ఎగిరేది ఉదయం ఎనిమిదిన్నర లోపు, లేదా ఎండ చల్లబడ్డాక, నడివేసవి మధ్యాహ్నాలూ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఈదురుగాలులూ ఉన్నప్పుడు రెక్క మూటలోనే ఉంటుంది, ఈ నియమం ఆమె ముందే పెట్టుకోండి. ఇంకోటి, మీ టర్మ్ పాలసీ, యాక్సిడెంట్ పాలసీ బయటకు తీసి చదవండి. టికెట్ కొనుక్కున్న ప్రయాణికుడిగా కాకుండా వేరే రకంగా ఎగిరితే వర్తించదని చాలా యాక్సిడెంట్ పాలసీల్లో ఉంటుంది. ఆ సంగతి ఆమెకు మీరే చెప్పి, అదనపు కవర్ గురించి ఏజెంటుతో మాట్లాడండి. దాచిపెట్టి కొంటే మాత్రం నేను మీ వైపు ఉండను.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే. తమిళనాడు ఆయనకు ఫోన్ చేసి మూడు ఫోటోలు అడగండి. రెక్క మీద మోడల్, సీరియల్ నంబరు ఉన్న ప్లేటు ఒకటి. బ్యాటెన్ నమూనా కాగితం రెండోది. వీటీ నంబరు కనిపించే రిజిస్ట్రేషన్ పత్రం మూడోది. మూడూ వస్తే నాకు మళ్లీ రాయండి, ఆ రెక్క మీ బరువుకు, మీ అనుభవానికి సరిపోతుందో లేదో కలిసి చూద్దాం. ఇంజిన్ వీడియో పంపిస్తానంటే, థాంక్స్, అది తర్వాత చూస్తానని చెప్పండి.